వెదురు కర్రతో గ్రహాలను కొలిచిన పఠాణి సామంత

మందస వైపు వెళ్లేవారికి కనిపించే మహేంద్రగిరి ఎత్తును రెండు కర్రముక్కలతో లెక్కకట్టిన పండితుడు ఒకరు ఉండేవారని ఒడిశాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పేరు సామంత చంద్రశేఖర సింగ్. జనం నోట మాత్రం పఠాణి సామంత.

ఆయన 1835 డిసెంబరు 13న ఖండపడ సంస్థానంలో రాజబంధువుల ఇంట జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు నయాగఢ్ జిల్లాలో ఉంది. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోవడంతో తల్లిదండ్రులు ఈ బిడ్డను ఒక ముస్లిం ఫకీరుకు మాటవరసకు అమ్మి, తిరిగి తెచ్చుకున్నారట. పఠాణి అన్న పేరు అలా వచ్చింది. మన పల్లెల్లో పెంటయ్య, పుల్లయ్య అని పేర్లు పెట్టుకోవడం కూడా ఇటువంటిదే.

చిన్నతనంలోనే ఇంటి పెద్దల వద్ద నక్షత్రాలను గుర్తుపట్టడం నేర్చుకున్నారు. జాతకం వేయాలంటే ఏ గ్రహం ఎక్కడ ఉందో తెలియాలి కదా! పదిహేనేళ్లు వచ్చేసరికి పాత గ్రంథాల ప్రకారం గ్రహగణితం చేయసాగారు. తీరా ఆకాశం వంక చూస్తే లెక్కలో వచ్చిన చోట గ్రహం లేదు. చెప్పిన వేళకు నక్షత్రం ఉదయించలేదు. తిథి తప్పితే ఏకాదశి తప్పుతుంది, తద్దినం తప్పుతుంది, పెళ్లి ముహూర్తం తప్పుతుంది. జాతక ఫలాలను నమ్మేవారూ ఉంటారు, నమ్మనివారూ ఉంటారు. పంచాంగం మాత్రం ఇద్దరి ఇళ్లలోనూ ఉంటుంది.

ఆయనకు ఇంగ్లీషు రాదు, దుర్భిణి లేదు. వెదురుతో, కర్రతో పరికరాలు తానే చేసుకున్నారు. వాటిలో ముఖ్యమైనది మానయంత్రం. ఒక కర్ర చివర అడ్డంగా మరో కర్ర బిగించి, దానికి గాట్లు, రంధ్రాలు పెట్టారు. మొదటి కర్ర కొసను కంటి దగ్గర పెట్టుకుని చూస్తే, నక్షత్రం ఏ గాటు వద్ద కనిపించిందో దానిని బట్టి కోణం తెలుస్తుంది. కొండల ఎత్తు కొలవడానికీ అదే సాధనం. ఒంట్లో జబ్బు ఉన్నా రాత్రుళ్లు మేలుకుని చూశారు. చంద్రుని నడకలో పాత గ్రంథాలకు అందని మూడు తేడాలను సొంతంగా పట్టుకున్నారు. తిథులు సరిపడాలంటే అవే కీలకం.

ఈ లెక్కలన్నీ సుమారు 2500 సంస్కృత శ్లోకాలలో, ఒడియా లిపిలో తాటాకుల మీద రాశారు. ‘సిద్ధాంత దర్పణం’ అనే ఆ గ్రంథం 1869లో పూర్తయింది. అచ్చుకు నోచుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. కటక్ కళాశాల అధ్యాపకుడు జోగేశ్ చంద్ర రాయ్ పూనుకుని ఇంగ్లీషులో పీఠిక రాయగా, 1899లో కలకత్తాలో వెలువడింది. దుర్భిణిలోంచి ఆకాశం చూసే అవకాశం కూడా ఆయనకు పెద్దతనంలో రాయ్ వల్లనే దొరికింది. భూమి కదలదనీ, సూర్యుడే దాని చుట్టూ తిరుగుతాడనీ ఆయన చివరిదాకా నమ్మారు. అది పొరపాటే. అయినా గ్రహాలు ఎక్కడుంటాయో చెప్పడంలో ఆయన లెక్క దెబ్బతినలేదు.

1893లో ప్రభుత్వం మహామహోపాధ్యాయ బిరుదు ఇచ్చింది. 1904లో పూరీలో కన్నుమూశారు. ఆ పూరీలోనే జగన్నాథుని సేవలకు, పండుగలకు వేళలు నిర్ణయించే పంచాంగానికి ఆయన గణితం ఆధారమైంది. భువనేశ్వర్‌లోని నక్షత్రశాలకు పఠాణి సామంత పేరే పెట్టారు.