నేతగాని కుమారుడు, గ్రంథాలయదాత: ఆండ్రూ కార్నెగీ

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో సముద్రముల కావలనున్న స్కాట్లండువాని చరిత్ర యేల యని చదువరులు శంకింపవచ్చును. పొట్ట చేతబట్టుకొని పరదేశమునకు పోయిన పేదవాడు ఆ దేశమునకు తిరిగి యేమి యిచ్చెనో, దానినెట్లు మార్చెనో తెలిసికొనుటకును, ఊరి గ్రంథాలయము దేనిపై నిలుచునో గ్రహించుటకును ఆండ్రూ కార్నెగీ జీవితముకంటె తగిన యుదాహరణము నాకు కానరాలేదు.

కార్నెగీ 1835 నవంబరు 25వ తేదీన స్కాట్లండులోని డన్‌ఫర్మ్‌లిన్ పట్టణమున జన్మించెను. తండ్రి విలియం చేమగ్గముపై పూలనేత నారవస్త్రములు నేయువాడు. ఆ యూరి నేతగాండ్రు పేదలయ్యు విద్యాభిమానులు. వారిలో కొందరు తమ యిండ్లనున్న కొలది పుస్తకములను ఒకచోట చేర్చి ఇరుగుపొరుగువారికి చదువనిచ్చిరి. విలియం వారిలో నొకడు. ఇంతలో ఆవిరిమగ్గములు వచ్చెను. చేమగ్గమునకు పని తప్పెను. ఆ కష్టమెట్టిదో మన నేతపల్లెలవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. తల్లి మార్గరెట్ ధైర్యశాలిని. మగ్గములును సామానులును అమ్మినను దారిఖర్చులకు చాలకపోగా, ఒక స్నేహితురాలియొద్ద 20 పౌనులు అప్పు తీసికొని, 1848లో భర్తతోడను ఇద్దరు కుమారులతోడను ఆ యిల్లాలు అమెరికాకు ఓడ యెక్కెను.

పెన్సిల్వేనియా రాష్ట్రమున పిట్స్‌బర్గు చెంతనున్న అలిఘెనీలో, అంతకుమున్నే వచ్చి స్థిరపడిన బంధువుల నీడన వారు కాపురము పెట్టిరి. తండ్రి మేజాగుడ్డలు నేసి తానే ఇంటింట తిరిగి అమ్మెను. తల్లి రాత్రులు చెప్పులు కుట్టెను. పదుమూడేండ్ల ఆండ్రూ నూలుమిల్లులో దారపు కండెలు మార్చు పనికి కుదిరెను. వారమునకు జీతము 1 డాలరు 20 సెంట్లు. చీకటితో పోయి చీకటితో వచ్చెడి ఆ బాలునకు బడి చదువు అంతటితో సరి. పిమ్మట తంతి కచేరీలో వార్తలు మోయు బంట్రోతుగా చేరెను.

ఆ యూరనే కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అను పెద్దమనిషి యుండెను. ఆయన తన సొంత గ్రంథములు సుమారు 400 పనిపాటల బాలురకై తెఱచి, ప్రతి శనివారము ఒక్కొక్కనికి ఒక్కొక్క పుస్తకము ఇచ్చుచుండెను. కొంతకాలమునకు నిర్వాహకులు, ఏదేని వృత్తియందు శిష్యులుగా కుదిరిన వారికే ఉచితమనియు, తక్కినవారు ఏటికి 2 డాలర్లు చెల్లింపవలెననియు నియమము పెట్టగా, ఈ బంట్రోతు బాలుడు పత్రికకు జాబు వ్రాసి వాదించి గెలిచెను. ఆ శనివారపు పుస్తకముల ఋణము అతడు జీవితాంతము మఱువలేదు.

తంతి చప్పుడు చెవితో విని వార్త గ్రహింప నేర్చుటచే పెన్సిల్వేనియా రైల్వేలో మంచి కొలువు దొరికెను. అచ్చట వ్యాపారమర్మములు తెలిసెను. 1865 నాటికి ఇనుప వంతెనల వ్యాపారమున దిగెను. ఉక్కు చౌకగ చేయు బెస్సెమర్ పద్ధతిని చేపట్టి, 1875లో బ్రాడక్ కడ రైలుపట్టాల కర్మాగారము నడిపింప నారంభించెను. అమెరికా రైళ్లకును వంతెనలకును ఎత్తైన మేడలకును వలయు ఉక్కు అపారముగ తయారయ్యెను. 1901లో తన కర్మాగారములన్నియు 48 కోట్ల డాలర్లకు అమ్మివేసెను.

లెక్కలు వ్రాయువాడు జమ చూపి ఖర్చు దాచరాదు. 1892లో హోంస్టెడ్ కర్మాగారమున కూలి తగ్గింప తలపెట్టగా కార్మికసంఘము ప్రతిఘటించెను. వ్యవహర్త హెన్రీ క్లే ఫ్రిక్ తలుపులు మూయించి, కూలికి కుదిర్చిన సాయుధులను నదిమీద పడవలలో రప్పించెను. జూలై 6వ తేదీన ఇరుపక్షములవారును మరణించిరి. రాష్ట్రసైన్యము వచ్చెను, సంఘము విఱిగెను. ఆ దినములలో కార్నెగీ స్కాట్లండున నుండెను. అయినను ఫ్రిక్కు పూనికను ముందే సమ్మతించినవాడు గనుక బాధ్యత తప్పదు. ఆ కొలుములయెదుట దినమునకు పండ్రెండు గంటలు శ్రమించినవారిలో స్లోవాకులు, హంగేరీవారు, పోలండువారు పెక్కుమంది. వారును కార్నెగీవలెనే పొట్టకై ఓడ యెక్కి వచ్చినవారు. అమెరికాను కట్టినది ఒక్క వలసవాని బుద్ధి కాదు, వేల వలసవారి చెమట. 1898లో హోంస్టెడ్‌లోను అతని గ్రంథాలయము వెలసెను గాని, అలసిన దేహమునకు చదువు తీఱిక యెక్కడిది? వెస్టు వర్జీనియాలోని వీలింగు పట్టణమువారు కార్మికుల ప్రేరణచే 1904లో ఆతని దానమును ఓటు వేసి తిరస్కరించిరి.

ధనమునకు మూడు గతులని మన నీతికారులు చెప్పుదురు. కార్నెగీ మొదటి గతినే యెన్నుకొనెను. తొలి గ్రంథాలయమును జన్మస్థలమైన డన్‌ఫర్మ్‌లిన్‌కే యిచ్చెను. 1881లో తల్లి శంకుస్థాపన చేయగా, 1883లో అది తెఱవబడెను. తుదకు లోకమున 2,500 పైగా గ్రంథాలయములు అతని ధనముతో లేచెను. వానిలో 1,600 పైగా అమెరికా సంయుక్తరాష్ట్రములలోనే. 1904లో అలిఘెనీ గ్రంథాలయముకడ ఆండర్సన్‌కు స్మారకచిహ్నము నిలిపి గురుఋణము తీర్చుకొనెను.

ఈ దానమున నొక మెలిక గలదు. భవనమునకు మాత్రమే ధనమిచ్చును. స్థలము ఊరివారు చూపవలెను. ఇచ్చిన మొత్తములో పదవవంతు ఏటేట పన్నుద్వారా గ్రంథాలయమునకు కేటాయింపవలెను. 10,000 డాలర్లు పుచ్చుకొన్న యూరు ఏటికి 1,000 డాలర్లు కర్చు పెట్టుటకు కట్టుబడవలెను. ఊరు తన సొంతమనుకొననిది ఊరిలో నిలువదని అతని తలంపు. అంతకుముందు ఆ దేశమున అనేక పట్టణములందు గ్రంథాలయము చందాదారుల సొత్తు; ఈ షరతువలన ఊరూర ప్రజల పన్నుతో నడచు ఉచిత గ్రంథాలయము సామాన్యమయ్యెను. పెక్కింట పిల్లలకు ప్రత్యేకపు గదులును ఏర్పడెను. తరువాత వలసవచ్చినవారి బిడ్డలెందరో ఆ బల్లలకడనే ఇంగ్లీషు నేర్చి ఆ దేశపు పౌరులైరి.

1919 ఆగస్టు 11వ తేదీన మసాచుసెట్స్‌లోని లెనాక్స్‌లో కార్నెగీ కన్నుమూసెను. అప్పటికి సుమారు 35 కోట్ల డాలర్లు దానము చేసియుండెను.

మన దేశమున గ్రంథాలయోద్యమమునకు అట్టి కుబేరుడు దొరకలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైనపుడు వారికున్న మూలధనము అయ్యంకి వెంకటరమణయ్యగారివంటి వారి దీక్షయే. పిదప 1948 నాటి మదరాసు చట్టమును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమును గ్రంథాలయపు పన్నును విధించెను. అది ఊరి పదవవంతు వంటిదే. కార్నెగీ మేడలకు పునాది ఉక్కుధనము కాదు. డన్‌ఫర్మ్‌లిన్ నేతగాండ్రు తమ కొలది పుస్తకములను ఒకచోట చేర్చిన నాటి తలంపే. మన గ్రంథాలయమునకు పాతికేండ్లు నిండినవి. ఇంటింట నూరక పడియున్న పుస్తకమొకటి తెచ్చి యిచ్చుటకును, చందా తప్పక చెల్లించుటకును ఎవ్వరును కోటీశ్వరులు కానక్కఱలేదని గ్రామస్థులకు నా మనవి.