విల్‌ఫ్రెడ్ రోడ్సు

క్రికెట్టు ఆటలో మొట్టమొదట బ్యాటు పట్టి దిగువానిచేత బంతిని కూడ వేయింపవచ్చునా యనునది నాయకులను చిరకాలముగా వేధించుచున్న ప్రశ్న. ఎదుటిపక్షమువారి చివరి వికెట్టు పడిన పది నిమిషములకే యతడు మరల మైదానమునకు వచ్చి, వేగముగా దూసికొనివచ్చు క్రొత్త బంతి నెదుర్కొనవలయును. అంతకుముందే ఇరువది ఓవరులు వేసి అలసినవానికి అది సుకరము కాదు. కావుననే అసలు బౌలరులు డస్సి, ఎదుటి జంట పాతుకొనిపోయినప్పుడు మాత్రమే యతనికి నాలుగైదు ఓవరు లిచ్చుట పరిపాటి. ఈ పద్ధతివలని లాభమును నష్టమును గూడ తన జీవితమునందే చూపినవాడు ఇంగ్లండు ఆటగాడైన విల్‌ఫ్రెడ్ రోడ్సు.

రోడ్సు 1877 అక్టోబరు 29వ తేదీన యార్కుషైరులోని కిర్క్‌హీటను గ్రామమున జన్మించెను. యౌవనారంభమున రైలు ఇంజనుల షెడ్డులో పని చేసెను. 1898లో యార్కుషైరు జట్టున చేరి, ఆ యేడే 154 వికెట్లు పడగొట్టెను. ఎడమచేతితో అతడు నెమ్మదిగా వేయు బంతి గాలిలో ఊరించి, బ్యాటునకు అందునట్లే కనబడి, అందకమునుపే నేలకు దిగెడిది. 1902లో బర్మింగుహామునందు ఆస్ట్రేలియావారు 36 పరుగులకే కూలినప్పుడు, అతడు 17 పరుగులిచ్చి 7 వికెట్లు తీసెను. 1904 జనవరిలో మెల్బోరనునందు ఒక్క టెస్టులోనే 15 వికెట్లు కూల్చెను. ఆ పర్యటనలోనే, పదునొకండవవాడుగా బ్యాటు పట్టి, ఆర్. ఇ. ఫాస్టరుతో కలిసి సిడ్నీలో చివరి వికెట్టునకు 130 పరుగులు చేర్చెను.

చివరివాడుగా దిగిన యా మనిషి అక్కడనే నిలిచిపోలేదు. పట్టుదలతో బ్యాటింగు నభ్యసించి, ఒక్కొక్క మెట్టే యెక్కి, హాబ్సుతో కలిసి ఇన్నింగ్సు నారంభించువాడయ్యెను. 1912 ఫిబ్రవరిలో మెల్బోరనునందు ఆ యిరువురును మొదటి వికెట్టునకు 323 పరుగులు చేసిరి. అందు రోడ్సువి 179. కాని దీనికి వెలయు చెల్లింపవలసివచ్చెను. ఆ పర్యటనలోని అయిదు టెస్టులలోను అతడు వేసినవి 18 ఓవరులు మాత్రమే. వికెట్టు ఒక్కటియు దక్కలేదు. ఒకనాడు ఆస్ట్రేలియాను గడగడలాడించిన చేయి అక్కరకు మాత్రము పిలువబడు చేయి యయ్యెను. నాయకుని మేము తప్పు పట్టము. బార్న్సు వంటి బౌలరులుండగా రోడ్సును అలయింపకుండుటయే వివేకము. ఇంగ్లండు ఆ వరుసను నాలుగింటి కొక్కటిగా గెలుచుకొనెను.

అయినను రోడ్సు తన మొదటి విద్యను మఱవలేదు. స్వంత మండలపు పోటీలలో బంతిని విడువక పట్టియుండెను. మహాయుద్ధమున యార్కుషైరు బౌలరు బూత్ 1916లో నేలకొఱగెను. డ్రేకు 1919 ఆరంభమున రోగమున గతించెను. జట్టునకు బౌలరులు కఱవైన యా వేసవిలో నలువది రెండవ యేట నడచుచున్న రోడ్సు మరల బంతిని చేపట్టి, దేశమునందలి బౌలరుల సగటులలో అగ్రస్థానమున నిలిచెను. 1921-22 శీతకాలమున మన దేశమునకును వచ్చి, బొంబాయి చతుష్పక్ష పోటీలలో యూరోపియనుల పక్షమున ఆడెను.

1926లో ఓవలు మైదానమున ఆస్ట్రేలియాతో తుది టెస్టునకు నలువది యెనిమిదేండ్ల రోడ్సును మరల పిలిచిరి. రెండవ ఇన్నింగ్సులో అతడు 44 పరుగులిచ్చి 4 వికెట్లు తీయగా ఆస్ట్రేలియావారు 125కే ముగిసిరి. ఏండ్లతరబడి చేజారియున్న యాషెసు గౌరవము ఇంగ్లండునకు తిరిగి దక్కెను. పదునాలుగేండ్లక్రితము అక్కఱలేదని ప్రక్కనుంచిన చేయియే యది.

1930లో కింగ్‌స్టను టెస్టున ఆడునాటికి అతనికి 52 యేండ్లు దాటెను. అంతటి వయసున టెస్టు ఆడినవాడు మఱియొకడు లేడు. మొత్తముమీద అతడు పడగొట్టినవి నాలుగువేలకు పైబడిన వికెట్లు. చేసినవి దాదాపు 40,000 పరుగులు. ఇంతటివాడైనను, జీతము పుచ్చుకొని ఆడువాడగుటచే నాటి ఆచారము ననుసరించి జట్టునకు నియమిత నాయకుడు కాజాలకపోయెను. వార్ధక్యమున చూపు కోల్పోయియు మైదానమునకు వచ్చి, బ్యాటు చప్పుడు వినుచు ఆట ననుసరించెడివాడు. 1973 జులై 8వ తేదీన పరమపదించెను.

జట్టు అవసరమునకై ఒక విద్యను ప్రక్కనుంచుట త్యాగము. దానిని తుప్పు పట్టనీయక కాపాడుకొనుట సాధన. మొదట బ్యాటు పట్టువానికి నాయకుడు రోజునకు నాలుగైదు ఓవరులే యిచ్చినను, ఆ కొద్దిపాటి వాడుకయే ఆ విద్యకు ప్రాణము నిలుపును. ఆ నాలుగైదు ఓవరులను చులకన చేయవలదని మన నాయకులకు మేము మనవి చేయుచున్నాము.