టీబీ క్రిమిని పట్టేసిన రాబర్ట్ కాక్.. మందు దగ్గర బోల్తా! ఆ ఫెయిలైన మందే ఇప్పటి టీబీ టెస్ట్

టీబీ అనుమానం ఉంటే డాక్టర్లు ముంజేతికి చిన్న సూది వేసి, రెండు మూడు రోజుల తర్వాత వచ్చి చూపించమంటారు. అక్కడ గట్టిగా ఉబ్బితే ఒంటికి ఆ క్రిమి ముందే పరిచయమని అనుమానం బలపడుతుంది (బీసీజీ టీకా వల్లా కొందరికి ఉబ్బుతుంది, అది వేరే సంగతి). ఆ సూదిమందుకు మూలం.. 130 ఏళ్ల కిందట ఓ మహా శాస్త్రవేత్త పరువు తీసిన ద్రవం!

ఆయనే రాబర్ట్ కాక్. 1843 డిసెంబర్ 11న జర్మనీలోని క్లౌస్టాల్‌లో పుట్టారు. వోల్‌స్టైన్ అనే చిన్న ఊళ్లో డాక్టర్‌గా ఉంటూ, ఇంట్లోనే మైక్రోస్కోప్ పెట్టుకుని ఆంత్రాక్స్ క్రిమి గుట్టు విప్పారు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో టీబీ క్రిమిని లోకానికి చూపించారు. వంశపారంపర్యమని చాలామంది నమ్మిన జబ్బుకు అసలు కారణం ఓ బ్యాక్టీరియా అని తేలిపోయింది. మన డాక్టర్లు కొందరు ఇప్పటికీ టీబీని కాక్స్ అనే పిలుస్తారు.

అసలు కథ 1890లో మొదలైంది. టీబీని ఆపే పదార్థం దొరికిందని కాక్ ప్రకటించారు. అందులో ఏముందో మాత్రం చెప్పలేదు. రోగులు బెర్లిన్‌కు పోటెత్తారు. ట్యూబర్‌క్యులిన్ అనే ఆ మందును ఆయన తన ఒంటిమీదే ప్రయోగించుకుని, జ్వరంతో వణికిపోయారు కూడా. రోగుల్లో జబ్బు ఉన్నచోట వాపు వచ్చి, కణజాలం చచ్చి ఊడిపోవడం చూసి నయమవుతోందనుకున్నారు. అక్కడే పప్పులో కాలేశారు. కణజాలం చచ్చింది గానీ క్రిములు చావలేదు. చనిపోయినవారికి పోస్టుమార్టం చేసిన విర్కో, క్రిములు ఒంట్లో వేరే చోట్లకూ పాకాయని చూపించారు. చివరికి 1891 జనవరిలో కాక్ గుట్టు విప్పారు. అది టీబీ క్రిముల నుంచి గ్లిజరిన్‌తో తీసిన సారం.

మరి ఆ వాపు ఏంటి? క్రిమిని ఒకసారి చూసిన టీ కణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. మళ్లీ ఆ వాసన తగలగానే ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్ఎఫ్ లాంటి సంకేత అణువులు వదులుతాయి. క్రిమిని మింగిన మాక్రోఫేజ్ కణాలకు దాన్ని చంపమని అందే ఆర్డర్ ఇంటర్‌ఫెరాన్ గామాయే. ఈ కణాలన్నీ వచ్చి చేరడానికి టైం పడుతుంది. అందుకే రెండు రోజులు ఆగమనేది. ఏ టీ కణం ఇంటర్‌ఫెరాన్ తయారీలోకి దిగాలో ముందుగా తేల్చడంలో ఇంటర్‌ల్యూకిన్-12 అనే మరో అణువుది పెద్ద పాత్ర. ఇంటర్‌ల్యూకిన్-10 ఏమో బ్రేకు వేస్తుంది. సంకేతాలు తగ్గితే క్రిమిదే పైచేయి. కీళ్లవాతానికి టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులు ఇచ్చే ముందు టీబీ టెస్ట్ చేయించేది ఇందుకే. శ్రుతి మించితే మన ఊపిరితిత్తులే పాడవుతాయి. కాక్ నయం అనుకున్నది ఆ రెండో ముఖాన్నే!

1905లో ఆయనకు టీబీ పరిశోధనకే నోబెల్ వచ్చింది. 1907లో పిర్కే, 1908లో మాంటూ.. ఆ ఫెయిలైన మందునే చర్మ పరీక్షగా మార్చేశారు. కాక్ 1910 మే 27న బాడెన్‌బాడెన్‌లో కన్నుమూశారు. టీ కణాలంటూ ఉన్నాయని తెలిసింది 1960ల్లోనే. ఇప్పుడు చర్మ పరీక్షకు తోడు ఇగ్రా అనే రక్త పరీక్ష కూడా వచ్చింది. రక్తంలోని టీ కణాలకు టీబీ క్రిమి ప్రోటీన్లు తగిలించి, అవి ఎంత ఇంటర్‌ఫెరాన్ గామా వదిలాయో అందులో చూస్తారు.