ఆంధ్రకేసరి బాల్యము

శ్రీ టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన వినోదరాయునిపాలెమున జన్మించిరి. 11 ఏండ్ల ప్రాయమున తండ్రిని గోల్పోయిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలున పూటకూళ్ల యిల్లు నడపి బిడ్డలను పోషించిరి. ఇతరులు వెలయిచ్చి భుజింప, తన తల్లి వండి వడ్డించుటను బాలుడు నిత్యము చూచుచుండెను. పరీక్షకు కట్టవలసిన 3 రూపాయలు దొరకనప్పుడు ఆమె తన పట్టుచీరను తాకట్టు పెట్టిరి. కలవారికి లెక్కలోనికి రాని సొమ్ము తమ యింట తల్లి చీరతో సమానమని ఆ బాలునకు నాడే తెలిసెను.

పిమ్మట మద్రాసున బారిస్టరుగా విశేషధన మార్జించియు, 1921లో స్వరాజ్య పత్రికను స్థాపించి, దానికిని దేశసేవకును సర్వము వ్యయించిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియై, 1957 మే 20న నిర్ధనులుగనే పరమపదించిరి. తల్లి చీర ఋణమును ఆయన ప్రజలకు తీర్చిరి.