స్క్రూడ్రైవర్ మీద అంత నమ్మకం

లూయీ స్లాటిన్ 1910లో కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టాడు. లండన్‌లో పీహెచ్‌డీ చేశాడు, పనిలో పనిగా బాక్సింగ్‌లో బహుమతి కూడా కొట్టాడు. స్పెయిన్ యుద్ధంలో పాల్గొన్నానని స్నేహితుల దగ్గర కోతలు కోసేవాడట. అక్కడ కాలినడకన తిరిగి రావడం తప్ప ఇంకేం చేయలేదని తమ్ముడు తర్వాత గాలి తీసేశాడు.

యుద్ధకాలంలో లాస్ అలమోస్‌లో అణుబాంబు పనికి చేరాడు. అతని ప్రయోగం వినడానికి సింపుల్. 6.2 కిలోల ప్లుటోనియం గోళం, దానిమీద మూతలా బెరీలియం అర్ధగోళాలు. మూత దగ్గరయ్యేకొద్దీ బయటికి పోవాల్సిన న్యూట్రాన్లు లోపలికే తిరిగొస్తాయి. పూర్తిగా మూసుకుంటే చైన్ రియాక్షన్ అదుపు తప్పుతుంది. అందుకే మధ్యలో అడ్డుముక్కలు పెట్టాలని రూలు. మనవాడు అవి తీసేసి స్క్రూడ్రైవర్ కొన దూర్చేవాడు. జీన్స్, కౌబాయ్ బూట్లు, చుట్టూ చూసేవాళ్ల మెచ్చుకోళ్లు! ఇలాగే చేస్తే ఏడాదిలో పోతావని ఫెర్మీ అంతటివాడు హెచ్చరించాడని చెబుతారు. కానీ డజను సార్లు జారని చేతికి జాగ్రత్తలు ఎవరు చెప్పగలరు?

పోనీ ప్రమాదం తెలీదా అంటే, అతనికి తెలిసినంత దగ్గరగా ఎవరికీ తెలీదు. 1945 ఆగస్టులో ఇదే గోళం మీద హ్యారీ డాగ్లియన్ చేతిలోంచి ఇటుక జారింది. ఆ కుర్రాడు 25 రోజులు నరకం చూసి పోయాడు. ఆస్పత్రిలో అతని మంచం పక్కన గంటల తరబడి కూర్చున్నది ఈ స్లాటినే. చూశాడు, బాధపడ్డాడు, మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టాడు.

1946 మే 21. తన పని అప్పగించబోతున్న సహోద్యోగికి పద్ధతి చూపిస్తున్నాడు. గదిలో మరో ఏడుగురు. స్క్రూడ్రైవర్ జారింది. నీలం మెరుపు, ఒక్కసారిగా వేడి. స్లాటిన్ పై మూతను చేత్తోనే తిప్పి కింద పడేశాడు. ఆ క్షణంలో మాత్రం నిజమైన ధైర్యమే, కాదనలేం. తర్వాత ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో గుర్తు చేసుకుని బొమ్మ గీశాడు, ఎవరికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క కట్టడానికి. తన లెక్క తనకి ముందే తెలుసు.

అమ్మానాన్నల్ని సైన్యం విమానంలో రప్పించింది. తొమ్మిదో రోజున, మే 30న పోయాడు. వయసు 35.

ఆ తర్వాత ఇలాంటి ప్రయోగాలు చేత్తో చేయడం ఆపేశారు. యంత్రాన్ని ఒకచోట, మనుషుల్ని పావు మైలు దూరంలో పెట్టారు. డాగ్లియన్ పోయాక కూడా అంతే దూరం ఉంది మరి.