రెండు హిజ్రత్‌ల మహిళ హజ్రత్ అస్మా (రజి)

క్రీ.శ. 615 ప్రాంతంలో మక్కా ఖురైషీయుల హింసలు భరించలేక కొందరు ముస్లింలు సముద్రం దాటి హబ్షా దేశానికి వెళ్ళిపోయారు. నేటి ఇథియోపియా, ఎరిత్రియా ప్రాంతమే అది. వారిలో హజ్రత్ జాఫర్ బిన్ అబూ తాలిబ్ (రజి), ఆయన సతీమణి హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) ఉన్నారు. నజ్జాషీ రాజు దర్బారులో జాఫర్ (రజి) చేసిన ప్రసంగం పాఠకులు చాలాసార్లు విన్నదే. ఆ కుటుంబం తిరిగివచ్చిన వైనం మాత్రం తక్కువమందికి తెలుసు. మేము చెప్పదలచింది అదే.

సుమారు పదమూడేళ్ళు! అబ్దుల్లా, ముహమ్మద్, ఔన్ అనే ముగ్గురు కొడుకులు అక్కడే పుట్టారు. క్రీ.శ. 628 (హిజ్రీ 7)లో ఓడలో తిరిగివచ్చారు. వదిలి వెళ్ళింది మక్కా, వచ్చి చేరింది మదీనా. ఈలోగా బద్ర్, ఉహద్, ఖందక్ యుద్ధాలు జరిగిపోయాయి. మదీనాలో నలుగురు కూర్చుంటే వచ్చే ముచ్చట్లలో వీరికి చోటు లేదు. దైవప్రవక్త (స) ఖైబర్ విజయంలో పాల్గొనకపోయినా వీరికి వాటా ఇచ్చారు.

ఒకరోజు అస్మా (రజి) హజ్రత్ హఫ్సా (రజి)ను చూడడానికి వెళ్ళారు. అంతలో హజ్రత్ ఉమర్ (రజి) వచ్చారు. ఈమె ఎవరో తెలుసుకుని, ఆ హబ్షా ఆవిడేనా, సముద్రం మీద వచ్చినావిడేనా అని అడిగారు. హిజ్రత్‌లో తామే ముందున్నామని, కనుక దైవప్రవక్త (స)పై తమకే ఎక్కువ హక్కు ఉందని అన్నారు. గల్ఫ్ నుంచి వచ్చిన కుటుంబాన్ని మన వీధుల్లో దుబాయి వాళ్ళని పిలుస్తారు చూడండి, అందులో తిట్టు ఉండదు. మీరు మాలో వారు కారన్న ధ్వని మాత్రం ఉంటుంది.

అస్మా (రజి)కు కోపం వచ్చింది. మీ ఆకలి తీర్చడానికి, తెలియనిది నేర్పడానికి మీ మధ్య దైవప్రవక్త (స) ఉన్నారు, మేము పరాయి గడ్డపై భయాల మధ్య బతికాం, అదీ అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసమే అని ముఖాముఖిగా చెప్పారు. ఈ మాట ప్రవక్త (స)కు చెప్పేవరకు అన్నం ముట్టనని, నీళ్ళు తాగనని ప్రమాణం చేశారు. చెప్పారు కూడా. ఉమర్‌కు, ఆయన సహచరులకు ఒక్క హిజ్రత్, ఓడవారికి రెండు హిజ్రత్‌లు అని ప్రవక్త (స) తీర్పు ఇచ్చారు. ఓడవారు గుంపులు గుంపులుగా ఆమె దగ్గరకు వచ్చి ఆ మాటను మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. ఎంత నొచ్చుకుని ఉంటే అంత ఆరాటం!

హబ్షాలోనే పుట్టిన ఉమ్మె ఖాలిద్ అనే పసిపిల్లకు దైవప్రవక్త (స) తమ చేతులతో కొత్త వస్త్రం తొడిగి, బాగుందని హబ్షా భాషలోనే చెప్పారు. ఆ పిల్ల పుట్టిన గడ్డ మాట అది.

మరుసటి ఏడాది, 629లో, జాఫర్ (రజి) మూతా యుద్ధంలో షహీద్ అయ్యారు. అస్మా (రజి) పిండి కలిపి, పిల్లలకు స్నానం చేయించి ఉన్న సమయంలో ప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చారు. పిల్లలను దగ్గరకు తీసుకుని కన్నీరు పెట్టారు. జాఫర్ ఇంటివారికి వంట చేసి పంపమని తమవారికి చెప్పారు.

క్రీ.శ. 632లో హజ్రత్ ఫాతిమా (రజి)కు అంత్యకాలం సమీపించింది. జనాజాపై కప్పే బట్టలో స్త్రీ దేహం ఆకారం కనబడుతుందని ఆమె బాధపడ్డారని సీరత్ గ్రంథాల్లో ఉంది. అస్మా (రజి) ఖర్జూరపు కొమ్మలు తెప్పించి, వంచి కట్టి, పైన బట్ట కప్పి చూపించారు. హబ్షాలో ఆమె చూసిన పద్ధతి అది. ఫాతిమా (రజి) ఎంతో సంతోషించారు. ఆమె జనాజా అలాగే సాగింది.