స్ప్రింగు లెక్క తేల్చిన రాబర్ట్ హుక్

ఢిల్లీ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఊరికి వెళ్ళేటప్పుడు గ్వాలియరు వస్తుంది. దానికి దగ్గరలోని సిథౌలీలో రైల్వేవారి స్ప్రింగుల కర్మాగారం ఉంది. బదిలీ అయిన ప్రతిసారీ మనల్నీ మన సామానునూ మోసే రైలుపెట్టెల కోసం ఉక్కు చుట్టలు అక్కడ తయారవుతాయి. ఎంత బరువు పెడితే ఎంత కుంగుతుందో తెలియకుండా వాటిని చేయలేరు. ఆ లెక్కను లోకానికి చెప్పినవారు రాబర్ట్ హుక్.

ఆయన 1635 జులై 18న ఇంగ్లండుకు దక్షిణాన ఉన్న వైట్ దీవిలో పుట్టారు. తండ్రి చర్చి గురువు. చిన్నతనంలో ఆరోగ్యం బాగుండక ఇంట్లోనే చదువుకున్నారు. విప్పి ఉన్న ఇత్తడి గడియారాన్ని ఒకసారి చూసి, చెక్కతో అలాంటిదే చేస్తే అది నడిచింది! పదమూడో ఏట తండ్రి పోయారు. కొద్దిపాటి సొమ్ముతో లండను చేరి చదువుకున్నారు. ఆక్స్‌ఫర్డులో రాబర్ట్ బాయిల్‌కు సహాయకుడై గాలి పంపు తయారుచేశారు.

1662లో రాయల్ సొసైటీ ఆయనకు ప్రయోగాల బాధ్యత అప్పగించింది. 1665లో 'మైక్రోగ్రాఫియా' వెలువడింది. బెరడు ముక్కలో కనిపించిన చిన్న గదులకు అందులో 'సెల్' అని పేరు పెట్టారు. మనం జీవశాస్త్రంలో చదివే కణం అదే. 1666 అగ్నిప్రమాదంలో లండను కాలిపోయాక నగరాన్ని కొలిచినవారిలో ఆయనా ఒకరు.

1675లో హైగెన్స్ స్ప్రింగు గడియారాన్ని ప్రకటించగా, ఆ ఆలోచన ముందు తనదేనని హుక్ వాదించారు. మరుసటి ఏడు తన స్ప్రింగు నియమాన్ని 14 అక్షరాల పొడుపుకథగా అచ్చువేసి, 1678లో విప్పిచెప్పారు. లాగే బలం రెట్టింపైతే సాగుదలా రెట్టింపవుతుందన్నదే ఆ నియమం. 100 గ్రాములకు 1 సెంటీమీటరు సాగే స్ప్రింగు 200 గ్రాములకు 2 సెంటీమీటర్లు సాగుతుంది. స్ప్రింగు త్రాసు పనిచేసేది ఇలాగే.

అయితే దీనికొక హద్దుంది. హద్దు మీరి లాగితే స్ప్రింగు మళ్ళీ మొదటి రూపానికి రాదు.

స్ప్రింగుల్లో రకాలున్నాయి. బాల్‌పెన్నులోది నొక్కితే కుంచించుకుపోతుంది. త్రాసులోది లాగితే సాగుతుంది. బట్టల క్లిప్పులోది మెలిపడుతుంది. లారీల కింద కమాన్ కట్టలుంటాయి. మెట్రోపెట్టెల కింద గాలి నింపిన స్ప్రింగులూ ఉంటాయి. ఏ రకమైనా దానికి తగిన బరువే మోపాలి. ఉక్కు స్ప్రింగుకు తుప్పు పట్టనీయకూడదు. తుప్పు గుంట దగ్గరే పగులు మొదలవుతుంది. పగులు చిన్నదైనా స్ప్రింగును మార్చాల్సిందే. అందుకే రైలుపెట్టెల స్ప్రింగులను తనిఖీ చేస్తుంటారు.

గురుత్వాకర్షణ విషయంలో న్యూటన్‌తో హుక్‌కు గట్టి వివాదం నడిచింది. 1703 మార్చి 3న ఆయన కన్నుమూశారు. అదే ఏడు న్యూటన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడయ్యారు. హుక్‌దేనని అందరూ ఒప్పుకున్న చిత్రపటం నేటికీ ఒక్కటీ లేదు.

ఏడాది మధ్యలో బదిలీ అయ్యే మన పిల్లలు కూడా చాలాసార్లు తరగతి ఫోటోలో ఉండరు. వాళ్ళు నాటిన మొక్క, గీసిన బొమ్మ మాత్రం బడిలో మిగులుతాయి. హుక్ ముఖం ఎలా ఉండేదో మనకు తెలియదు. ఆయన నియమాన్ని మాత్రం పదకొండో తరగతి భౌతికశాస్త్రంలో మనమంతా ఆయన పేరుతోనే చదువుతాం.